బడి పద్దులో అంకె, బడికి చేరే డబ్బు

ప్రభుత్వ పాఠశాలల ఆదాయ వ్యయాల గురించి పాఠకులు పంపిన ప్రశ్నలకు ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాం. ఒకే విషయం అడిగిన ఉత్తరాలను కలిపి ఒక్క ప్రశ్నగా మార్చాం.

ప్రశ్న: ప్రభుత్వ బడికి డబ్బు ప్రభుత్వమే ఇస్తుందని అందరికీ తెలుసు. కానీ ఏ ప్రభుత్వం? కొన్ని దేశాల్లో ఊరి ఇంటిపన్నుతోనే బడి నడుస్తుందని విన్నాను. బడి ఖర్చు ఊరివాళ్లే పెట్టుకోవడం మంచిదా, పైనుంచి రావడం మంచిదా?

జవాబు: బడికి కావలసిన డబ్బంతా ఒకే ఖజానా నుంచి వచ్చే దేశాలు తక్కువ. సాధారణంగా ఆ ఖర్చును రెండు మూడు అంచెల ప్రభుత్వాలు పంచుకుంటాయి, ఆ పంపకం ఆయా దేశాల చరిత్రను బట్టి స్థిరపడింది. ఫ్రాన్స్‌లో ఉపాధ్యాయులకు 1889 నుంచి కేంద్ర ప్రభుత్వమే జీతం ఇస్తోంది. కానీ ప్రాథమిక పాఠశాల భవనం ఊరి పాలక సంస్థ బాధ్యత, దాని పైతరగతుల బడి భవనం జిల్లా స్థాయి పాలన బాధ్యత, ఉన్నత తరగతుల లీసే భవనం ప్రాంతీయ పాలన బాధ్యత. పాఠం చెప్పే మనిషి జీతం ఒక ఖజానాది, ఆయన తలమీది కప్పు ఇంకో ఖజానాది అన్నమాట. జపాన్‌లో నిర్బంధ విద్య అందించే ఉపాధ్యాయుల జీతాల్లోనే పంపకం ఉంది. 2006 వరకు అందులో సగం జాతీయ ప్రభుత్వం భరించేది, ఆ తరువాత తన వాటాను మూడో వంతుకు తగ్గించుకుంది.

మీరు విన్న ఇంటిపన్ను పద్ధతి అమెరికాది. అక్కడ పాఠశాలల నిర్వహణ కోసమే ఏర్పడిన స్థానిక పాలనా విభాగాలు, అంటే స్కూల్ డిస్ట్రిక్టులు, వేల సంఖ్యలో ఉన్నాయి. వాటిలో చాలావాటికి తమ పరిధిలోని ఇళ్లమీద, స్థలాలమీద పన్ను వేసుకునే అధికారం ఉంది. మహమ్మారి కాలంలో వచ్చిన ప్రత్యేక సహాయాన్ని పక్కన పెడితే, ప్రభుత్వ బడుల మొత్తం ఆదాయంలో ఫెడరల్ ప్రభుత్వం వాటా సుమారు పదో వంతుకు మించదు. మిగిలినది రాష్ట్రాలు, స్థానిక సంస్థలు దాదాపు చెరి సగంగా మోస్తాయి. ఈ పద్ధతిలోని చిక్కు ఏమిటో టెక్సాస్ రాష్ట్రంలోని సాన్ ఆంటోనియో నగరం నుంచి వచ్చిన ఒక వ్యాజ్యంలో కనిపించినంత స్పష్టంగా మరెక్కడా కనిపించదు. ఆ నగరంలోని ఎడ్జ్‌వుడ్ డిస్ట్రిక్టు పేదలది, అలామో హైట్స్ డిస్ట్రిక్టు సంపన్నులది. 1967-68లో ఎడ్జ్‌వుడ్ వాసులు ప్రతి వంద డాలర్ల ఆస్తి విలువకు 1.05 డాలర్ల చొప్పున పన్ను కట్టుకుంటే ఒక్కో పిల్లవాడికి 26 డాలర్లు సమకూరాయి. అలామో హైట్స్ వాసులు అంతకన్నా తక్కువగా, వందకు 85 సెంట్లే కట్టినా, ఒక్కో పిల్లవాడికి 333 డాలర్లు వచ్చాయి. ఎక్కువ రేటున పన్ను కట్టినవాళ్లకు తక్కువ చదువు దక్కిందన్నమాట. ఎడ్జ్‌వుడ్ తల్లిదండ్రులు కోర్టుకు వెళ్లారు. 1973లో అమెరికా సుప్రీంకోర్టు విద్య తమ సమాఖ్య రాజ్యాంగం హామీ ఇచ్చిన ప్రాథమిక హక్కు కాదంటూ, ఐదుగురు ఒకవైపు, నలుగురు మరొకవైపు నిలిచిన తీర్పులో వాళ్ల వాదనను తోసిపుచ్చింది. తరువాతి పోరాటాలు రాష్ట్రాల కోర్టుల్లో జరిగాయి. 1989లో టెక్సాస్ రాష్ట్ర సుప్రీంకోర్టు అదే పద్ధతిని ఏకగ్రీవంగా కొట్టివేసింది. 1993 నుంచి ఆస్తి విలువ ఎక్కువగా ఉన్న డిస్ట్రిక్టుల పన్ను ఆదాయంలో కొంత తీసి మిగిలినవాటికి పంచుతున్నారు. ధనికుల సొమ్ము తీసి పేదలకు పెట్టిన దొంగ పేరుమీద జనం దాన్ని రాబిన్‌హుడ్ చట్టం అంటారు. పన్ను కట్టేవాళ్లకు ఆ పేరు నచ్చదని వేరే చెప్పనక్కరలేదు.

అంతమాత్రాన స్థానిక పన్నును పూర్తిగా కొట్టిపారేయలేం. తన చేతి డబ్బు వెళ్లినచోట మనిషి లెక్క అడుగుతాడు. పైనుంచి వచ్చిన డబ్బు గురించి అడిగేవాడు తక్కువ. కాలిఫోర్నియాలో 1971లో రాష్ట్ర సుప్రీంకోర్టు డిస్ట్రిక్టుల మధ్య తేడాలను తప్పుపట్టింది. 1978లో ఓటర్లు ప్రతిపాదన 13 ద్వారా ఆస్తి పన్నును విలువలో ఒక శాతానికి, పన్ను లెక్కించే విలువలో ఏటా పెరుగుదలను రెండు శాతానికి కట్టడి చేశారు. దాంతో బడుల భారం ఎక్కువగా రాష్ట్రంమీద పడింది. ఊరికీ ఊరికీ తేడా కొంత తగ్గింది. కానీ రాష్ట్ర ఆదాయం పడిపోయిన ఏడాదుల్లో అన్ని బడులూ ఒకేసారి ఇబ్బంది పడటం మొదలైంది. ఆస్తి పన్ను నెమ్మదిగా పెరుగుతుంది, నెమ్మదిగా తగ్గుతుంది. ఆదాయపు పన్ను వ్యాపారపు ఎగుడు దిగుళ్లతో పాటు ఊగుతుంది. సమానత్వం గురించి మాట్లాడేవాళ్లు ఈ నిలకడ సంగతి తరచుగా మరచిపోతారు.

నాకు బ్రెజిల్ దారి కొంత సబబుగా తోస్తుంది. అక్కడి 1988 రాజ్యాంగం రాష్ట్రాలూ పురపాలికలూ తమ పన్ను ఆదాయంలో 25 శాతం, కేంద్రం 18 శాతం విద్యకు పెట్టాలని నిర్దేశించింది. రాష్ట్ర, పురపాలికల వాటాలో పెద్ద భాగాన్ని ఆయా రాష్ట్రాల స్థాయిలో ఒక ఉమ్మడి నిధిలో వేసి, పిల్లల సంఖ్యను బట్టి తిరిగి పంచుతారు. తలసరి మొత్తం నిర్ణీత స్థాయికి అందని చోట కేంద్రం కలుపుతుంది. ఫుండెబ్ అని పిలిచే ఈ నిధిని 2020లో శాశ్వతం చేసి, కేంద్రం కలిపే వాటాను పది శాతం నుంచి 2026 నాటికి 23 శాతానికి చేర్చాలని నిర్ణయించారు. ఇక్కడ డబ్బు పోగయ్యేది స్థానికంగానే, కానీ పంపకంలో చూసేది పిల్లవాడిని. వాడి ఊళ్లోని ఇళ్ల ధర ఎంతైనా ఒకటే.

ప్రశ్న: నేను ప్రధానోపాధ్యాయుడిని. ప్రతి సంవత్సరం విద్యకు బడ్జెట్ పెంచామని ప్రకటిస్తారు. మా బడిలో సుద్దముక్కలకూ, విరిగిన కిటికీకీ డబ్బు ఉండదు. అబద్ధం ఎవరు చెబుతున్నట్టు?

జవాబు: చాలాసార్లు ఎవరూ అబద్ధం చెప్పరు. రెండు మాటలూ ఒకేసారి నిజం కాగలవు, అదే ఈ పద్దులోని విచిత్రం.

బడి ఖర్చులో సింహభాగం జీతాలు. సంపన్న దేశాల్లోనే నిర్వహణ వ్యయంలో సుమారు నాలుగింట మూడు వంతులు సిబ్బంది జీతభత్యాలకు పోతుంది. పేద దేశాల్లో అది తొంభై శాతం దాటడం కూడా అరుదు కాదు. ఉదాహరణకు ఒక విద్యాశాఖ పద్దు నూరు పాళ్లు అనుకుందాం. అందులో జీతాలు 85, మిగిలినవన్నీ 15. మరుసటి ఏడాది పద్దు 108కి పెరిగింది, ఎనిమిది శాతం పెంపు అని ప్రకటన వచ్చింది. అదే ఏడాది జీతాలు పది శాతం సవరించారు. అంటే జీతాల మొత్తం 93.5 అయింది. మిగిలింది 14.5. పద్దు ఎనిమిది పాళ్లు పెరిగినా, పుస్తకాలకూ మరమ్మతులకూ శిక్షణకూ కరెంటు బిల్లుకూ కలిపి మిగిలింది అర పాలు తగ్గింది, ధరల పెరుగుదలను ఇంకా లెక్కలోకి తీసుకోకముందే. జీతాలు పెంచడం తప్పని నేను అనడం లేదు. మంచి ఉపాధ్యాయుడు లేని బడికి సుద్దముక్క ఎందుకు? కానీ జీతం ఆపితే సమ్మె అవుతుంది, కోర్టు కేసు అవుతుంది; కిటికీ బాగు చేయకపోతే మీరు ఒక ఉత్తరం రాస్తారు, అంతే. అందుకే కోత పడినప్పుడల్లా అది నోరులేని పద్దుమీదే పడుతుంది.

రెండో కారణం కేటాయింపుకూ, విడుదలకూ, వినియోగానికీ మధ్య ఉన్న దూరం. బడ్జెట్‌లో రాసినది కేటాయింపు, అంటే ఖర్చు పెట్టడానికి అనుమతి. ఖజానాలో నగదు ఉన్నప్పుడు, కింది కార్యాలయం కిందటి విడత లెక్కలు సమర్పించినప్పుడు, పై అంచె ప్రభుత్వం ఇచ్చే దానికి సమానంగా కింది అంచె తన వాటా జమ చేసినప్పుడు జరిగేది విడుదల. తన వాటా పెట్టుకోలేని పేద ప్రాంతమే పైవాటానూ కోల్పోవడం ఈ జత నిధుల పద్ధతిలోని పాత లోపం. విడుదలైన డబ్బు ఆర్థిక సంవత్సరం చివరి వారాల్లో బడి ఖాతాలో పడితే, గడువులోపు ఖర్చు చేయక తప్పదు, లేకపోతే నిధులు మురిగిపోతాయి. వేసవిలో వేయాల్సిన పైకప్పు డబ్బు వానాకాలంలో వస్తే ఏమవుతుందో మీకు నేను చెప్పాల్సిన పని లేదు. విద్యాసంవత్సరం ఒక నెలలో, ఆర్థిక సంవత్సరం ఇంకో నెలలో మొదలయ్యే ప్రతిచోటా ప్రధానోపాధ్యాయుడు ఒక చదువుల ఏడాదిని రెండు పద్దుల మధ్య చీల్చుకొని నడపాల్సిందే.

ఈ రెండూ కాక దారిలో ఇంకిపోవడం మూడోది. దీన్ని కొలిచి చూపిన ప్రసిద్ధ ఉదాహరణ ఉగాండాది. 1990ల మొదటి సగంలో అక్కడి ప్రభుత్వం ప్రాథమిక పాఠశాలలకు జీతాలు కాక ఒక్కో విద్యార్థికి ఇంతని గ్రాంటు ఇస్తున్నట్టు పద్దుల్లో ఉంది. సుమారు 250 బడులకు వెళ్లి వాటి రికార్డులను ఖజానా లెక్కలతో పోల్చి చూస్తే, 1991-95 మధ్య సగటున ఆ డబ్బులో 13 శాతమే బడికి చేరినట్టు తేలింది. చాలా బడులకు ఏమీ చేరలేదు; గ్రాంటు అనేది ఒకటుందన్న సంగతే వాటిలో చాలావాటికి తెలియదు. ఆ తరువాత ప్రభుత్వం ఏ జిల్లాకు ఏ నెలలో ఎంత పంపిందీ పత్రికల్లో ప్రకటించడం, బడి గోడమీద అంటించడం మొదలుపెట్టింది. కొన్నేళ్లలో చేరే వాటా 80 శాతం దాటింది. ప్రకటన ఒక్కటే కారణం కాదనీ, అదే కాలంలో పాలనలో వచ్చిన ఇతర మార్పులూ తోడ్పడ్డాయనీ తరువాత కొందరు పరిశోధకులు వాదించారు; అది న్యాయమైన సవరణే. అయినా తనకు రావలసింది ఎంతో తెలియని బడి అడగనూ లేదు, ఫిర్యాదు చేయనూ లేదన్నది మాత్రం వివాదం లేని సంగతి.

ప్రశ్న: మా పరిధిలోని రెండు బడులకూ సమానంగా ఉపాధ్యాయులను, సమానంగా నిధులను ఇచ్చామని అధికారులు అంటారు. కానీ ఒక బడిలో అందరూ అనుభవజ్ఞులు, ఇంకో బడిలో ఏటా కొత్తవాళ్లే. ఇది సమానం ఎలా అవుతుంది?

జవాబు: కాదు. ఇది బడ్జెట్ లెక్క కట్టే తీరులోనే దాగి ఉన్న అసమానత. చాలాచోట్ల బడికి డబ్బు ఇవ్వరు, పోస్టులు ఇస్తారు. మీ రెండు బడులకూ పదేసి పోస్టులు ఉన్నాయనుకుందాం. సగటు జీతంతో పదిని గుణించి, రెండు పద్దులూ సమానమని కాగితంమీద చూపుతారు. నిజంగా చూస్తే ఇరవై ఏళ్ల సర్వీసు ఉన్న ఉపాధ్యాయుడి జీతం కొత్తగా చేరినవాడికన్నా ఒకటిన్నర రెట్లు ఉండవచ్చు. సర్వీసు ఉన్నవాళ్లకు కోరుకున్న చోటికి బదిలీ అయ్యే అవకాశం ముందు వస్తుంది, వాళ్లు రాకపోకలు సులువుగా ఉన్న బడిని, తల్లిదండ్రుల అండ ఉన్న బడిని ఎంచుకుంటారు. అది మానవ సహజం. దాంతో ప్రభుత్వ డబ్బు ఎక్కువగా ఆ బడికే పోతుంది. సగటు అనే దుప్పటి కింద అది కనిపించదు.

అమెరికాలో 2015లో చేసిన విద్యా చట్టం ఒక్కో బడిలో ఒక్కో విద్యార్థిమీద నిజంగా ఎంత ఖర్చయిందో, అసలు జీతాల లెక్కతో, ప్రజలకు ప్రకటించాలని ఆదేశించింది. జపాన్‌లో ఉపాధ్యాయులను కొన్నేళ్లకొకసారి బడులమధ్య తిప్పుతారు కాబట్టి ఒకే బడి ఎప్పటికీ కొత్తవాళ్ల శిక్షణ శిబిరంగా మిగిలిపోదు. ఇక డబ్బునే నేరుగా బడికి ఇచ్చి పోస్టుల నిర్ణయం బడికి వదిలే దారి ఉంది. ఇంగ్లండ్‌లో 1988 చట్టం తరువాత జరిగింది అదే. దాని వల్ల నిధుల పంపకంలో ఈ మరుగు తొలగింది. కానీ సొంత పద్దు నడిపే ప్రధానోపాధ్యాయుడికి ఎక్కువ జీతం తీసుకునే అనుభవజ్ఞుడికన్నా కొత్తవాడే చవకగా కనిపించే ప్రమాదమూ వచ్చింది.

ప్రశ్న: మా బడిలో పిల్లలు పదో వంతు తగ్గారు. ఖర్చు కూడా పదో వంతు తగ్గాలి కదా? తగ్గలేదని పద్దులో కోత పెడుతున్నారు.

జవాబు: మీ బడిలో ఆరు తరగతులు, తరగతికి 30 మంది చొప్పున 180 మంది అనుకుందాం. పదో వంతు, అంటే 18 మంది తగ్గారు. వాళ్లంతా ఒకే తరగతి పిల్లలైతే లెక్క వేరు. సాధారణంగా తరగతికి ముగ్గురు చొప్పున తగ్గుతారు. ఇప్పుడు తరగతికి 27 మంది. ఆరుగురు ఉపాధ్యాయుల్లో ఎవరిని తీసేస్తారు? ఆరు గదుల్లో ఏ గది దీపం ఆర్పుతారు? తలసరి లెక్కన ఆదాయం వెంటనే పది శాతం పోతుంది. ఖర్చులో పాఠ్యపుస్తకాలూ నోటు పుస్తకాలూ తప్ప ఏమీ కదలదు. ఖర్చు వాలులా దిగదు, మెట్లలా దిగుతుంది. మెట్టు వచ్చేదాకా బడి లోటులో నడుస్తుంది, వచ్చినప్పుడు ఒక్కసారిగా రెండు తరగతులను కలిపేస్తారు.

అందుకే ఆలోచించి తయారు చేసిన సూత్రాల్లో తలసరి మొత్తంతోపాటు ప్రతి బడికీ, చిన్నదైనా పెద్దదైనా, ఒక స్థిరమైన మొత్తం ఉంటుంది. విసిరేసినట్టుండే మారుమూల బడులకు అదనంగా కొంత కలుపుతారు. ఇంగ్లండ్‌లో అక్టోబరులో లెక్కించిన పిల్లల సంఖ్య ఆధారంగా తరువాతి ఏడాది నిధులు నిర్ణయిస్తారు. ఆ ఆలస్యం తగ్గుతున్న బడికి సర్దుకోవడానికి ఏడాది వ్యవధి ఇస్తుంది, కానీ పిల్లలు పెరుగుతున్న బడికి అదే ఆలస్యం ఏడాదిపాటు భారమవుతుంది. ఒకరికి మేలు చేసే సూత్రం ఇంకెవరికో కీడు చేయకుండా ఉండదు. మీ వాదనను మాత్రం తరగతుల సంఖ్య చూపిస్తూ వినిపించండి, పిల్లల సంఖ్య చూపిస్తూ కాదు.

ప్రశ్న: బాగా చదువు చెప్పే బడికి ఎక్కువ నిధులు, చెప్పని బడికి తక్కువ నిధులు ఇస్తే అందరూ దారికి వస్తారు కదా?

జవాబు: ఈ ఆలోచన కొత్తది కాదు. 1862లో ఇంగ్లండ్‌లో రాబర్ట్ లో అనే మంత్రి ఆధ్వర్యంలో అమలైంది. ఆరేళ్లు దాటిన పిల్లవాడు బడికి సక్రమంగా హాజరైతే నాలుగు షిల్లింగులు, తనిఖీ అధికారి ముందు చదవడం, రాయడం, లెక్కలు మూడింటిలో నెగ్గితే ఇంకో ఎనిమిది షిల్లింగులు ఆ బడికి గ్రాంటుగా వచ్చేవి. ఒక్కో విషయంలో తప్పితే రెండు షిల్లింగుల ఎనిమిది పెన్నీలు కోత. ఈ పద్ధతి చవక కాకపోతే సమర్థంగానైనా ఉంటుంది, సమర్థంగా లేకపోతే చవకగానైనా ఉంటుంది అని ఆ మంత్రి చట్టసభలో చమత్కరించాడు.

తరువాత జరిగింది ఊహించగలిగేదే. పరీక్షలో లేని చరిత్ర, భూగోళం వంటివి చాలా బడుల్లో మూలన పడ్డాయి. పిల్లలు వాచకాన్ని అక్షరం పొల్లుపోకుండా కంఠస్థం చేశారు, చదవడం మాత్రం రాలేదు. కవిగా పేరుపొందిన మాథ్యూ ఆర్నాల్డ్ వృత్తిరీత్యా పాఠశాలల తనిఖీ అధికారి. ఈ పద్ధతి బోధనను యాంత్రికం చేసిందని ఆయన తన నివేదికల్లో పదే పదే రాశాడు. మూడు దశాబ్దాలు దాటాక, 1890ల చివరికి, దాన్ని పూర్తిగా వదిలేశారు. పేద పిల్లలు ఎక్కువగా ఉన్న బడి తప్పితే దాని డబ్బు తగ్గుతుంది, డబ్బు తగ్గితే మరుసటి ఏడాది ఇంకా తప్పుతుంది. ఆ తరువాతి కాలపు ఆలోచన సరిగ్గా దీనికి ఎదురు దిశలో నడిచింది. నెదర్లాండ్స్ 1985 నుంచి వెనుకబడిన కుటుంబాల పిల్లవాడిని లెక్కలో ఒకటికన్నా ఎక్కువగా తూచడం మొదలుపెట్టింది. ఇంగ్లండ్ 2011 నుంచి పేద పిల్లల పేరుమీద బడికి అదనపు మొత్తం ఇస్తోంది. కాలిఫోర్నియా 2013లో తెచ్చిన సూత్రం పేద కుటుంబాల పిల్లలకు, ఇంగ్లీషు ఇంకా నేర్చుకుంటున్న పిల్లలకు, పెంపుడు సంరక్షణలో ఉన్న పిల్లలకు మూల మొత్తంమీద 20 శాతం కలుపుతుంది, అలాంటివాళ్లు 55 శాతం దాటిన డిస్ట్రిక్టులకు ఆపైన మరికొంత ఇస్తుంది.

ప్రశ్న: విద్యకు జాతీయాదాయంలో ఆరు శాతం ఖర్చు పెట్టాలంటారు. ఈ ఆరు ఎక్కడిది?

జవాబు: భారతదేశంలో ఆ అంకె 1964-66 నాటి కొఠారీ కమిషన్ సిఫారసు. 1968 జాతీయ విద్యా విధానం నుంచి 2020 విధానం దాకా అదే లక్ష్యం మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. అంతర్జాతీయంగా 2015లో దక్షిణ కొరియాలోని ఇంచియాన్‌లో జరిగిన ప్రపంచ విద్యా సదస్సు ప్రకటన దేశాలు తమ స్థూల దేశీయోత్పత్తిలో కనీసం 4 నుంచి 6 శాతం, లేదా మొత్తం ప్రభుత్వ వ్యయంలో కనీసం 15 నుంచి 20 శాతం విద్యకు కేటాయించాలంది. అయితే ఈ కొలతకు ఒక పరిమితి ఉంది: జనాభాలో పిల్లలు సగం దాకా ఉన్న దేశంలోనూ, పిల్లలు తక్కువై వృద్ధులు ఎక్కువైన దేశంలోనూ ఆరు శాతం ఒకటే కాదు. తలసరి లెక్క కూడా పక్కన పెట్టుకుని చూడండి.

ప్రశ్న: అసలు డబ్బు పెంచితే చదువు బాగుపడుతుందా? బాగుపడదని పరిశోధనలే చెప్పాయని ఒక మిత్రుడు వాదిస్తున్నాడు.

జవాబు: మీ మిత్రుడు చెప్పే వాదన 1966 నాటి అమెరికా కోల్మన్ నివేదికతో బలపడింది. పిల్లల ఫలితాల్లో తేడాలకు బడి వనరులకన్నా కుటుంబ నేపథ్యమే ఎక్కువ కారణమని అది తేల్చింది. కానీ అప్పటి పద్ధతిలో ఒక పొరపాటుకు వీలుంది. కష్టాల్లో ఉన్న పిల్లలకే అదనపు డబ్బు పోతే, ఎక్కువ డబ్బున్నచోట తక్కువ మార్కులు కనిపించడం వింత కాదు; ఆసుపత్రిలో రోగులు ఎక్కువ కాబట్టి ఆసుపత్రే జబ్బు తెస్తుందని అనుకోవడం లాంటిది అది. 2016లో ముగ్గురు ఆర్థికవేత్తలు దీన్ని వేరే దారిలో పరిశీలించారు. పైన చెప్పిన కోర్టు తీర్పుల వల్ల కొన్ని డిస్ట్రిక్టుల నిధులు ఉన్నట్టుండి పెరిగాయి కదా, అక్కడ చదివిన పిల్లలు పెద్దయ్యాక ఏమయ్యారో చూశారు. పన్నెండేళ్ల చదువు పొడవునా తలసరి వ్యయం పది శాతం పెరిగితే, ఆ పిల్లలు సగటున ఒక ఏడాదిలో సుమారు మూడో వంతు ఎక్కువ చదివారు, వేతనాలు దాదాపు ఏడు శాతం పెరిగాయి; పేద పిల్లల్లో ఫలితం ఇంకా ఎక్కువ.

దీనికి ఎదురుగా ఇండొనేషియా అనుభవాన్నీ పెట్టాలి. ఆ దేశం బడ్జెట్‌లో ఐదో వంతు విద్యకే అని రాజ్యాంగంలో రాసుకుని, 2005 చట్టంతో, ధ్రువీకరణ పొందిన ఉపాధ్యాయుల మూలవేతనానికి సమానమైన మొత్తాన్ని భత్యంగా కలిపింది. ఉపాధ్యాయులు సంతోషించారు, రెండో ఉద్యోగాలు చేయడం తగ్గింది. 360 బడుల్లో జరిపిన ప్రయోగంలో పిల్లల చదువులో మాత్రం మార్పు కనిపించలేదు. అప్పటికే ఉద్యోగంలో ఉన్నవాళ్లకే, బోధనతో సంబంధం లేకుండా పెంచిన మొత్తం అది. కాలక్రమంలో మెరుగైనవాళ్లు వృత్తిలోకి వస్తారన్న వాదనను ఆ ప్రయోగం పరీక్షించలేదు, కాబట్టి దాన్ని అంతిమ తీర్పుగా తీసుకోకూడదు.

నాకు అన్నిటికన్నా ఆసక్తిగా తోచినది 2013లో అచ్చయిన ఒక అధ్యయనం. ఆంధ్రప్రదేశ్‌లోనూ జాంబియాలోనూ బడులకు పిల్లల నోటు పుస్తకాలూ సామగ్రీ కొనడానికి చిన్న గ్రాంటులు ఇచ్చారు. తల్లిదండ్రులు ఊహించని గ్రాంటు వచ్చినచోట మార్కులు పెరిగాయి. వస్తుందని ముందే తెలిసినచోట పెరగలేదు. ఎందుకంటే బడి ఎలాగూ ఇస్తుంది కదా అని ఇంట్లో ఆ ఖర్చు తగ్గించుకున్నారు. దాన్ని వృథా అనకూడదు, ఆ కుటుంబానికి కొంత భారం తగ్గింది. కానీ ఇల్లు కొనగలిగిన వస్తువును బడి కొంటే చదువుకు అదనంగా చేరేది తక్కువ. ఇల్లు కొనలేని దాన్ని, అంటే అదనపు ఉపాధ్యాయుడిని, వెనుకబడిన పిల్లలకు ప్రత్యేక బోధనను, బడి కొంటే ఆ ఇబ్బంది రాదు.

ప్రశ్న: మా పిల్లల బడి యాజమాన్య సంఘంలో నన్ను సభ్యురాలిగా ఎన్నుకున్నారు. నాకు లెక్కలు పెద్దగా రావు. బడ్జెట్ కాగితం ముందు పెడితే ఏం చూడాలి, ఏం అడగాలి?

జవాబు: కూడికలు తెలిస్తే చాలు. ముందుగా ఒకే పద్దుకు మూడు అంకెలు అడగండి: ఎంత కేటాయించారు, ఎంత విడుదలైంది, ఎంత ఖర్చయింది. కాగితంలో మొదటి అంకె ఒక్కటే ఉంటే మీటింగు అక్కడే ఆపి మిగిలిన రెండూ తెప్పించమనండి. విడుదలైన ప్రతి విడతకు తేదీ కూడా అడగండి. మొత్తం సరిగ్గానే ఉండి, తేదీ ఏడాది చివరిదైతే ఆ ఖర్చు బిల్లులను కాస్త నిదానంగా చూడాలి.

జీతాల పద్దుమీద మీకు నిర్ణయాధికారం ఉండదు కాబట్టి దానిమీద ఎక్కువ సమయం పెట్టకండి, కానీ ఖాళీ పోస్టులు ఎన్ని అని తప్పక అడగండి. భర్తీ కాని పోస్టు జీతం ఎవరికో మిగులుతోంది, ఆ తరగతి పిల్లలకు మాత్రం ఏమీ మిగలడం లేదు. ఆ తరువాత జీతేతర పద్దును పిల్లల సంఖ్యతో భాగించి, నిబంధన ప్రకారం రావలసిన తలసరి మొత్తంతో పోల్చండి. ఆ నిబంధన కాపీ ప్రధానోపాధ్యాయుడి దగ్గర లేకపోతే పై కార్యాలయంలో దొరుకుతుంది.

భవనాల పద్దు వేరు. కొత్త గదికి డబ్బు తేవడం నాయకులకు ఇష్టం, శిలాఫలకం ఉంటుంది కాబట్టి. మరుగుదొడ్డి కుళాయి బాగు చేయించడానికి ఫలకం ఉండదు. కొత్త గది మంజూరైందని చెప్పగానే దాన్ని ఏటా శుభ్రం చేయడానికి, సున్నం వేయడానికి, దీపాలు వెలిగించడానికి ఏ పద్దు నుంచి వస్తుందో అడగండి. మీరు అడిగింది, వాళ్లు చెప్పింది మినిట్స్ పుస్తకంలో రాయించి, సంతకం పెట్టేముందు మీరే ఒకసారి చదువుకోండి.